ఒక్కపొద్దు చేప

కలకత్తా ఏజెంటు పంపిన దగ్గుబిళ్లల డబ్బాలో
ఒకే ఒక్క గాలం.
నల్ల కొక్కేనికి వెండి జరీ చుట్టి
గొంతు దగ్గర ఎర్రటి ఈక తిప్పిన దొంగపురుగు.
ఇట్లాంటివే ఆరు డజన్లు కావాలంట, సాల్మన్ చేపకు.
ఒక్కోదానికి పదకొండు రూపాయలు.
ఆ చేప ఎట్లుంటదో నాకు తెలియదు.
బుధవారపేటలో ఎవరికీ తెలియదు.

జరీ పాతచీరల అంగట్లో దొరికింది.
పట్టుదారం గద్వాల మగ్గాల కాడ దొరికింది.
ఈక దొరకలేదు.

చికెన్ సెంటర్ల వెనక డ్రమ్ములు కెలికినాను
ముక్కుకు కొంగు కట్టుకొని.
అన్నీ తెల్లవి. రంగు అద్దుకోవచ్చు, అది కాదు బాధ.
నలభై రోజుల బతుకు ఆ కోడిది,
మెడ ఈక ముదిరేందుకు తీరిక యాడిది?
వేలికి చుడితే తడిసిన వత్తిలా పడుకుంటుంది.
గూడూరు సంతలో పందెంకోడి మెడ తడిమి చూసినాను.
మరీ బిరుసు. నీళ్లలో గూడ మీసం దించని రకం.
కోడాయన నన్ను కిందికీ పైకీ చూసి
"కొంటావా, నిమురుతావా?" అన్నాడు.

రెంటికీ నడుమది కావాలి నాకు.
నీళ్లు తోస్తే వాలాలి, వదిలితే లేవాలి,
నిద్రపోయే బిడ్డ డొక్క మాదిరి.
ఒక్కొక్క ఈకనూ పై పెదవికి ఆనించి చూస్తాను.
పెదవికి తెలిసేది వేలికి తెలియదు.
మా నాయన దస్తగిరి దూదేకేటప్పుడు
కంటితో చూసేవాడు కాదు.
నారి మోత మారితే చాలు, చెయ్యి ఆపేవాడు.

పంచలింగాల దాకా ఆటో, ఆ పైన నడక.
ఉరుకుందమ్మ దొడ్లో పేడకుప్ప మీద నిలబడి ఉంది
ఇటుకబట్టీ నోట్లోంచి కనబడే ఎరుపు.
మెడ తిప్పితే అంచున సన్నటి నల్లగీత.
నా పెదవి దురద పెట్టింది.

"వెయ్యిస్తానవ్వా."
"సుంకులమ్మకు మొక్కిన పుంజు. ఒక ఈక గూడ పీకగూడదు."
"మరి రాలినవో?"
ముసలామె వక్క కొరుకుతూ చానాసేపు ఆలోచించింది.
"రాలినవి ఆ తల్లి లెక్కలో ఉండవులే."

కోడి ఈకలు రాల్చేది ఎప్పుడా అని
వానల కోసం చూసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటా.
ప్రతి ఆదివారం పోయేదాన్ని.
ఊదుకడ్డీల గొట్టంలో దాచిపెట్టేది ఆమె.
ఒకసారి ఐదు, ఒకసారి రెండు,
ఒకసారి ఉత్త గొట్టం, అందులో ఊదు వాసన.
డబ్బు ముట్టలేదు. దిండు తెచ్చి నా ఒళ్లో పడేసింది.
"రాయి అయిపోయింది. ఏకిపెట్టు."

అటక మీంచి నాయన విల్లు దించినాను.
నారి ఎలుకలు తినేసినాయి, నైలాన్ తాడు బిగించినాను.
మోత ఆయనది కాదు. దూది మాత్రం లేచింది.
ఆ దూదిలో ఆముదం వాసన,
దారం తెగిన పసిబిడ్డ మొలపూస ఒకటి.
ఎవరిదని అడగలేదు.
మళ్లీ నడిమధ్యన పెట్టి కుట్టేసినాను.

డెబ్బై రెంటికి నాలుగు తక్కువలో ఈకలు ఆగిపోయినాయి.
కట్టినదాన్ని ఒకటి ఆమె అరచేతిలో పెట్టినాను.
"దీన్ని తింటదా ఆ చేప?"
"తినదవ్వా. గుడ్లు పెట్టేకి సముద్రం విడిచి
ఏటికి ఎదురెక్కేటప్పుడు అది ఏమీ ముట్టదంట.
ఇది ముందర ఆడితే కోపమొచ్చి కరుస్తదంట."
ఏజెంటు చెప్పిందే నేనూ చెప్పినాను.
ఆమె దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసింది.
"ఒక్కపొద్దు ఉండేదాన్ని
ఏంటికి ఉడికిస్తారమ్మీ?"

అరుగు కింద పుంజు మెడ విదిలించింది.
ఒక ఈక రెండు సుళ్లు తిరిగి
నా చెప్పు పక్కన పడింది.
నాలుగు తక్కువున్నాయి ఇంకా.
వంగి తీసుకున్నాను.
పెదవికి ఆనించి చూడలేదు.